ఎర్రబడిన నలుగు

పోయిన నెల మా మనవరాలి ముఖం పాడైంది. ఏదో తెల్లటి క్రీము పూసుకుంటే రెండు బుగ్గలూ దద్దుర్లు లేచాయి. అవి తగ్గాక ఇక మందులు కలిపినవేవీ ముట్టననీ, ఆర్గానిక్ అని రాసి ఉన్నవే వాడతాననీ ఒట్టు పెట్టుకుంది. మొన్న ఒక అట్టపెట్టె తెప్పించి, అందులోని సీసాలూ డబ్బాలూ నా మంచం మీద పరిచింది.

"జేజీ, ఇవన్నీ నాచురలే. ఒగటి పెట్టుకోని మిగతావి వాపసు పంపిస్తా. యాది మంచిదో నువ్వు చెప్పు."

నాకు అక్షరాలు వచ్చింది పిల్లల పెండ్లిళ్లు అయ్యాక. ఇప్పుడు ఏదైనా చదవగలను కానీ, అప్పటికే డబ్బా మీద రాతకంటే లోపలి సరుకును నమ్మడం అలవాటైపోయింది. మూతలు తీసి వాసన చూడటం మొదలుపెట్టాను. ఒకదాని మీద గులాబీ అని రాశారు, అది ఏ చెట్టుకూ పూసిన గులాబీ కాదు. ఇంకొకటి గంధం. మేలైనదో కాదో చెప్పలేను కానీ అబద్ధం మాత్రం కాదు. మూడోది వేలెడంత సీసా, అందులో నూనె. ముక్కు దగ్గర పెట్టుకోగానే వీపు నిటారైంది.

"ఇవి బావంచాలు గదమ్మే!"

"బావంచాలంటే యావో నాకు తెలీదు జేజీ. బాకూచి అని రాసిండారు. ముడతలు రావంట."

"పేరు ఏమన్నా పెట్టుకోనీ. ఇది పూసుకోని ఎండలో తిరిగినావంటే తోలు కాలుతాది. ముందు మోచేతి మడతలో ఒగ చుక్క పెట్టుకోని రెండు దినాలు చూడు."

ఆమె ఫోను తీసి ఏదో వెతికింది. చదివింది. నన్ను చూసింది. "ఈడ గూడా అట్లే రాసిండారు జేజీ! నీకెట్ల తెలుసు?"

ఎట్లా తెలుసో చెప్పాలంటే మా అవ్వ సంగతి చెప్పాలి.

మా అవ్వ అంటే నాయనకు అమ్మ. మా ఊరి నుంచి చూస్తే పెనుకొండ కొండ కనబడేది. కొన్ని గొర్రెలు, వానను నమ్ముకున్న ఒక చెనక్కాయ చేను, అంతే మా ఆస్తి. చెనక్కాయలు పెరికి, కాయలు ఒలిచి, గొర్రెల మేతకు కట్టె వామి వేసేసరికి పెండ్లిళ్ల కాలం దగ్గరపడేది. అప్పుడు అవ్వ నలుగు పొడి చేయడానికి దిగేది. పెండ్లికూతురికి, పెండ్లికొడుక్కి ఒంటికి రుద్ది స్నానం చేయించే పొడి అది. ఆ చుట్టుపక్కల అంత మంచి పొడి ఇంకొకరు చేయలేరని పేరు.

తంగేడు పూలు కోయడం నా పని. మా గట్ల మీద వానలు పడ్డా పడకపోయినా తంగేడు పూసేది. పొద్దున్నే మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు కోయాలి. ఒడి నిండా పచ్చగా తెచ్చి బండ మీద పాత చీర పరిచి ఆరబెట్టేదాన్ని. పక్కనే పెసలు, సెనగపప్పు, దబ్బకాయ తొక్కలు ఎండేవి. పిచ్చుకలు రాకుండా కాపలా కూడా నేనే. పిచ్చుకలు తిన్నదానికంటే నేను బుక్కిన సెనగపప్పే ఎక్కువ. అవ్వ వచ్చి పరిచిన పప్పు చూసి, నన్ను చూసి, "ఈ ఏడు పిచ్చుకలు శానా లావుగుండాయి" అనేది.

కచ్చూరాలు, బావంచాలు, వట్టివేరు మాత్రం హిందూపురంలో మూలికలు అమ్మే అంగట్లో తెచ్చేది. పసుపు ఎప్పుడూ కొమ్ములే కొనేది. ఎవరైనా దంచిన పసుపు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకునేది. "పొడి జేసినాక అది పసుపో, రంగేసిన పిండో ఆ దేవునికి గూడా తెలీదు." అంగట్లో ఆమె బేరం చేసేది కాదు, వాసన చూసేది. కచ్చూరం ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. అంగడి సెట్టి తూకం పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. "పోయినేటి సరుకు గదప్పా ఇది" అంటే ఇక మాట్లాడకుండా లోపలి నుంచి ఇంకొక గోతం తెచ్చేవాడు.

ఇల్లంతా రోకలి చప్పుడు. దంచిన పొడిని పాత పంచె గుడ్డలో వేసి జల్లించేది. ఆ గాలికి మా కుక్క తుమ్మేది, నాయన తుమ్మేవాడు, నేను తుమ్మితే అవ్వ తిట్టేది. నా కనురెప్పలు పసుపు పచ్చగా అయ్యేవి. పొడి అయ్యాక పరీక్ష. ముందు వాసన, తర్వాత నాలుక మీద చిటికెడు, చివరికి తడిపి మోచేతి మడతలో పూసి రెండు రోజులు వదిలేయడం. ఆ మోచేయి ఎప్పుడూ నాదే. దురద పుడితే ఆ వాయిలో బావంచాలు ఎక్కువయ్యాయని అర్థం. నాకు గోకుడు, అవ్వకు మళ్లీ దంచుడు.

ఒకసారి నాకు బుద్ధి పుట్టింది. నాలుగు రోజుల గొర్రెపిల్ల ఒకటి, నల్లగా, ఉంగరాల బొచ్చుతో ముద్దుగా ఉండేది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవుల నుంచి తోక దాకా నలుగు పెట్టాను. చెంబుతో నీళ్లు పోశాను. నుదుట బొట్టు కూడా పెట్టాను. పిల్ల ఘుమఘుమలాడుతూ తల్లి దగ్గరికి పరుగెత్తింది. తల్లి వాసన చూసి, ఇదెవరి బిడ్డ అన్నట్టు ఒక్క కుమ్ము కుమ్మింది. మళ్లీ పోతే మళ్లీ కుమ్మింది. పిల్ల అరుపు, తల్లి అరుపు, మధ్యలో నా ఏడుపు.

నాయన మేత నుంచి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. వాసన చూశాడు. బొట్టు చూశాడు.

"ఎవురే గొర్రెపిల్లకు పెండ్లి జేసింది?"

అవ్వ పైట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ సాయంత్రమంతా నాయన తల్లిగొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని, దాని పాలే పిండి పిల్ల ఒంటికి రుద్దితే గానీ అది దగ్గరికి రానివ్వలేదు. "కొడుక్కు సంబంధం చూసేటప్పుడు గూడా నేను ఇంత బతిమాలలేదు" అని అవ్వ ఆ గొర్రెను తిట్టింది.

పొడి అమ్మడానికి హిందూపురం పోయినప్పుడు గంప పక్కన నేనూ కూర్చునేదాన్ని. అంగళ్ల వీధిలో ఒక సెట్టి భార్య ప్రతి ఏడూ కొనేది. ఆమె ఒకసారి గొంతు తగ్గించి అడిగింది. "అవ్వా, మా పాప నల్లగుండాది. తెల్లగయ్యే పొడి ఉంటే ఇయ్యి."

అవ్వకు గొంతు తగ్గించడం రాదు. "తల్లీ, నువ్వు నలుపు, మీ సెట్టీ నలుపు. పాప తెల్లగ పుట్టింటే అప్పుడు అడగల్ల, యాడ తప్పు జరిగిందని. నా పొడికి మురికి పోతాది, జిడ్డు పోతాది. రంగు పోదు. పోతాదని ఎవురైనా చెప్తే వాళ్ల కాడ కొనొద్దు."

వీధిలో ఆ పక్కన కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. సెట్టి భార్యా నవ్వి, ఎప్పుడూ కొనేదానికి రెట్టింపు కొనుక్కుంది.

అవ్వకు ఇంకొక పట్టుదల ఉండేది. పెండ్లి ఇంటికి పొడి ఇచ్చి ఊరికే వచ్చేది కాదు. నలుగు పెట్టి మొదటి స్నానం అయ్యేదాకా ఆ ఇంట్లోనే కూర్చునేది. స్నానం నీళ్లు కూడా తానే నాలుక మీద వేసుకుని చూసేది. మా వైపు ఒక బావి నీళ్లు తియ్యగా ఉంటే పక్క బావి ఉప్పు. ఉప్పునీళ్లతో కడిగితే పిండి వదలదు, తోలు బిరుసెక్కుతుంది. "నీళ్లు చెడ్డవైతే మాట పొడికి వస్తాది" అనేది.

ఒక ఏడు ధర్మవరం నుంచి కబురు వచ్చింది. పట్టునూలుకు రంగులు అద్దేవాళ్ల ఇల్లు. ఆ ఇంటామె హిందూపురంలో బంధువుల పెండ్లిలో అవ్వ పొడి చూసిందట. కూతురి పెండ్లికి కావాలని, అదే వీధిలో ఇంకా రెండు పెండ్లిళ్లు ఉన్నాయని చెప్పి పంపింది. రెండు నెలలు దంచిన పొడి మొత్తం ఒక సంచికెత్తి, పెనుకొండలో రైలెక్కాం. అవ్వ సంచిని సీటు మీద పెట్టి తాను కింద కూర్చుంది.

ఆ ఇంటి పెరడు నేను అంతకుముందు చూడనిది. వెదుళ్ల మీద పట్టునూలు పిడులు ఆరేసి ఉన్నాయి. చిలకపచ్చ, వంకాయ రంగు, మిరపపండు రంగు. వాటి నుంచి నీళ్లు కారి నేల కూడా రంగులైంది. పక్క ఇళ్లలో మగ్గాల చప్పుడు ఆగడం లేదు. ఇంట్లో పెండ్లి ఉన్నా, ఎవరికో మాట ఇచ్చిన చీరల పని ఉందని ఇంటాయన ఒక మూల కొట్టంలో పొయ్యి ఆర్పలేదు.

మరునాడు పొద్దున పెండ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టారు. నాకంటే ఆరేడేండ్లు పెద్దది, నవ్వు ఆపుకోలేని పిల్ల. ముత్తైదువలు పాట అందుకుని ముఖానికి, చేతులకు, పాదాలకు నూనెతో కలిపిన నలుగు పెట్టారు. అవ్వకు రైలు ప్రయాణంతో మోకాళ్లు వాచాయి. లేవలేక నన్ను పిలిచింది.

"పాపా, వెనకల బాయి కాడ పొయ్యి మీద నీళ్లు కాగుతాండాయి. బిందెలో తీస్కరా. ముందు ఒగ చుక్క నాలిక మీద పెట్టుకో. ఉప్పగుంటే తేవద్దు, నాకు చెప్పు."

అంత పెద్ద పని ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. బిందె తీసుకుని పరుగెత్తాను.

బావికి పోవాలంటే పెరడంతా దాటాలి. దారిలో కొట్టం గోడకు ఆనుకుని ఆడవాళ్లు ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాలుస్తున్నారు. బెల్లం, నెయ్యి, యాలకులు. ఆ వాసనకు నా కాళ్లు అక్కడే ఆగాయి. ఒకామె నా ముఖం చూసి, "ఏమ్మే, అట్ల నోరు తెరుచుకోని చూస్తాండావు, ఇంద" అని వేడి వేడి ఓళిగ ఒకటి చేతిలో పెట్టింది. మొత్తం మడిచి నోట్లో పెట్టుకున్నాను. తల తిప్పితే కొట్టంలో పెద్ద రాగి బానలో నీళ్లు ఆవిరి కక్కుతున్నాయి. తేటగా, అడుగు కనబడుతూ ఉన్నాయి. వేడినీళ్లు ఎక్కడైతేనేం అనుకున్నాను. అక్కడే బిందె ముంచాను. సగం చన్నీళ్లు కలిపాను. నోరు నిండా ఓళిగ ఉంటే నాలుక మీద చుక్క ఎక్కడ పెట్టుకోను?

అవ్వ ఆ నీళ్లు చెంబుతో తీయించి పెండ్లికూతురి చేతుల మీద, ముఖం మీద పోయించింది. రుద్దుతున్న ముత్తైదువ చేయి ఆగిపోయింది. పచ్చగా ఉన్న ముఖం మా కళ్ల ముందరే ఎర్రబడింది. బుగ్గలు, మెడ, చేతులు, మోచేతుల దాకా పారాణి పూసినట్టు ఎర్రటి చారలు.

"అమ్మా, చురచురమంటాంది" అంది పెండ్లికూతురు. నవ్వు పోయింది.

పాట ఆగింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని ఆడవాళ్లందరికీ తెలుసు. దిష్టి తీసే నీళ్లు అట్లాగే కలుపుతారు. అందుకే అందరి తలలూ ఒక్కసారే అవ్వ వైపు తిరిగాయి.

"పొడిలో సున్నం కలిపినావా?" అంది పెండ్లికూతురి తల్లి. "తూకం కోసరం సున్నం కలిపినావా అవ్వా? మధ్యాన్నానికి మగపెండ్లోళ్లు వస్తారే. ఈ ముఖం చూస్తే తోలు రోగం అనుకోరా? నిన్ను నమ్మి పిలిపిస్తి గదా!"

అవ్వ సంచిలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ ఇంకొక చిటికెడు. ఆమె ముఖంలో కోపం లేదు, ఏమీ అర్థం కాకపోవడం ఉంది. నా వైపు తిరిగింది.

"పాపా, నీళ్లు నాలిక మీద పెట్టుకున్యావా?"

అంతమంది నన్నే చూస్తున్నారు. "పెట్టుకున్యా అవ్వా."

"ఎట్లుండాయి?"

"సప్పగుండాయి. మంచి నీళ్లే."

అవ్వ ఇంకేమీ అడగలేదు. మోకాళ్లు పట్టుకుని లేచింది. "నా మనవరాలు అబద్ధమాడదు. నీళ్లు మంచివే అంటాంది. అంటే సరుకులోనే యాడో తప్పుండాది. యాదో ఒగ వాయిలో సున్నం పట్టిచ్చిన పసుపు కొమ్ము పడిండాదేమో, నా ముక్కు పట్టుకోలేకపోయిండాది. తప్పు నాదే తల్లీ. ఈ పొడి ఇంగెవురి ఒంటికీ తగలకూడదు."

సంచిని నేల మీద ఈడ్చుకుంటూ పెరటి మురుగు కాలవ దాకా పోయింది. మూతి కట్టు విప్పింది. రెండు చేతులూ లోపల పెట్టి ఒక దోసెడు తీసి కాలవలో వేసింది. నేను కోసిన తంగేడు పూలు, ఆమె దంచిన రెండు నెలలు. ఇంకొక దోసెడు తీసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

"పొయ్యొద్దవ్వా!" అని అరిచాను. "అవి బాయి కాడి నీళ్లు గాదు. ఆ కొట్టంలో ముంచుకున్యా. నాలిక మీద పెట్టుకోలేదు. ఓళిగ తింటాండా!"

అవ్వ చేతులు అట్లాగే ఆగాయి. నా మాట విని ఇంటాయన కొట్టంలోంచి బయటికి వచ్చాడు. బిందెలో వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రుద్దాడు. జారుడుగా ఉంది.

"ఓయమ్మా! ఇవి బట్టలసోడా వేసిన నీళ్లు. ఇవీ సున్నం మాదిరే పసుపును ఎర్రగ జేస్తాయి. పట్టు ఉడకేసేదానికి పెట్టింటి. సబ్బు ఇంగా వేయలేదు, అందుకే తేటగుండాయి." కూతురి ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఈ నీళ్లలో ఉడకేస్తే పట్టుకు బంకంతా పోతాది. రంగు బాగా పడతాది. నా కూతుర్ని అద్దకానికి సిద్ధం జేసిండాది ఈ పిల్ల!"

ముందు నవ్వింది పెండ్లికూతురే. "ఏ రంగు అద్దుతావు నాయనా?" అంది. ఆ తర్వాత పెరడంతా నవ్వింది, ఆమె తల్లి, మా అవ్వ, నేను తప్ప.

అవ్వ కాలవ దగ్గర నుంచి వచ్చింది. దెబ్బ పడుతుందని నేను కళ్లు మూసుకున్నాను. పడలేదు. "చింతపండు నానేసి తెండమ్మా" అని మాత్రం వినబడింది.

పలచటి చింతపులుసులో గుడ్డ ముంచి పెండ్లికూతురి నుదురు మీద అద్దింది. ఎరుపు పోయి పసుపు తిరిగి వచ్చింది. బుగ్గ మీద అద్దింది, అక్కడా వచ్చింది. ముత్తైదువలు "అబ్బబ్బ" అంటూ మీద మీద పడి చూశారు. ఒకామె ఆశ పుట్టి తన చేతికి కొంచెం పసుపు, కొంచెం సోడానీళ్లు పూసుకుని ఎర్రగా చేసుకుని, మళ్లీ చింతపులుసు పెట్టించుకుంది. చురచుర తగ్గడానికి మజ్జిగ కూడా రాశారు. అంతా అయ్యేసరికి పెండ్లికూతురి ముఖం లేత మామిడాకులా నునుపు తేలింది. ఆమె తల్లి నెమ్మదిగా కాలవ దగ్గరికి పోయి పొడి సంచి మూతి తానే గట్టిగా కట్టి, భుజాన వేసుకుని తెచ్చి, అవ్వ పక్కన పెట్టింది.

ఇక మంచి నీళ్లు కావాలి. ఆమె ఎవరినో కేకవేయబోయింది.

"వద్దమ్మా" అంది అవ్వ. "మా పాప తెస్తాది."

"మళ్లా దాన్నే పంపుతావా అవ్వా?"

"దాన్నే."

అంతమంది మధ్యలోంచి బిందె తీసుకుని నడిచాను. ఎవరో "ఓళిగలు దాచండమ్మా" అన్నారు. నేను తల తిప్పలేదు. పెరడు దాటి బావి దాకా పోయాను. పొయ్యి మీది నీళ్లు ఒక చుక్క చేతి మీద వేసుకుని చల్లారనిచ్చి నాలుక మీద పెట్టుకున్నాను. నమ్మకం చాలక ఇంకొక చుక్క. తియ్యటి నీళ్లు. బిందె నడుమున పెట్టుకుని వచ్చేటప్పుడు, అవ్వ అడిగితే ఏమని చెప్పాలో, చెప్పినా ఇప్పుడు ఎవరు నమ్ముతారో అని దారంతా అదే ఆలోచన.

అవ్వ బిందె అందుకుంది. నా ముఖం వైపు కూడా చూడలేదు. ఏమీ అడగలేదు. చెంబు నిండా ముంచి పెండ్లికూతురి నెత్తిన పోసింది.

ఆ తర్వాత చాలా పెండ్లిళ్లకు అవ్వ వెంట పోయాను. నీళ్లు నేనే తెచ్చేదాన్ని. మెల్లగా ఊళ్లలోకి వాసన సబ్బులు వచ్చాయి, డబ్బాల్లో పొడులు వచ్చాయి, అవ్వకు కబుర్లు రావడం తగ్గింది. ఆమె పోయిన ఏడు కూడా గట్ల మీద తంగేడు పూసింది, కోసినవాళ్లు లేరు. పొడి పాళ్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. మనవరాలు అడిగితే రాసి ఇచ్చాను, నా చేతిరాతతోనే. ఆ బావంచాల నూనె ఆమె వాపసు పంపేసింది. మంచిదో చెడ్డదో తేలకముందే పంపింది, అది కూడా తప్పే అని చెప్పాను.

అవ్వను తలుచుకుంటే రెండు నెలల కష్టాన్ని కాలవలో పోసిన మనిషి గుర్తుకు రావాలి. నాకు మాత్రం నాలుక మీద పెట్టుకున్నావా అని అడగకుండా, నేను తెచ్చిన నీళ్లను అంతమంది ముందర పెండ్లికూతురి నెత్తిన పోసిన చేయే ముందు గుర్తుకు వస్తుంది.